లక్ష్ముడు చూసిపెట్టిన పడవ

బొబ్బిలి షావుకారు బంగారురాజు కారు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడుచుకుంటూ వచ్చేసరికి లక్ష్ముడు అరుగు మీద కూర్చుని కుడి మోకాలికి ఆముదం పట్టించుకుంటున్నాడు.

"బొంబాయి లక్ష్ముడంటే నువ్వేనా?"

"నానే. కూకోండి."

కళింగపట్నంలో లక్ష్ముళ్లు నలుగురున్నారు. ఈయన్ని మాత్రం బొంబాయి లక్ష్ముడంటారు. పద్నాలుగో ఏట తండ్రితో తెప్ప ఎక్కాడు. పంతొమ్మిదో ఏట ఊళ్లో మిగతా వాళ్లతో పాటు గుజరాత్‌లో వేరావల్ వెళ్లి మరబోటు మీద పదకొండేళ్లు చేశాడు. ఏడుగురు మనుషులకి ఒకటే చెక్క గది. నిలబడితే నెత్తి తగిలేది, పడుకుంటే ఇంజను చెవిలో మోగేది. ఆ తరవాత బొంబాయిలో తెరచాప పడవల క్లబ్బులో పని దొరికింది. ఉన్నవాళ్లు ఆదివారం పూట సరదాకి నడుపుకునే పడవలవి. వాటిని కడగడం, తాళ్లు మార్చడం, ఒక రేవు నుంచి ఇంకో రేవుకి చేర్చడం అతని పని. యజమానులు గోవాకి విమానంలో వెళ్లేవారు. పడవని లక్ష్ముడు తీసుకెళ్లేవాడు. అలా పంతొమ్మిదేళ్లు గడిచాయి.

మూడేళ్ల కిందట అన్నీ ఒగ్గేసి ఊరొచ్చేశాడు. ఏమయిందని అడిగినవాళ్లకి "అలిసిపోనాను" అని ఒక్క ముక్క చెప్పేవాడు. మోకాలి గురించి కాబోలని అందరూ అనుకునేవారు. భార్య నారాయణమ్మకి మాత్రం సంగతి తెలుసు. పడవలో పడుకున్న మనిషికి ఒక చెవి ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. లంగరు జారిందా, గాలి తిరిగిందా, దగ్గరలో ఓడ ఏమైనా వస్తోందా అని అది వింటూనే ఉంటుంది. ఇంటికొచ్చాక కూడా లక్ష్ముడి చెవి పడుకోలేదు. కాస్త కునుకు పట్టగానే లేచి బయటకెళ్లి గాలి ఎటు వీస్తోందో చూసి వచ్చేవాడు. పొద్దున్నే మొహం పీక్కుపోయి ఉండేది. డాక్టరు ఇచ్చిన బిళ్లలు కొన్నాళ్లు వేసుకుని, తల దిమ్ముగా ఉంటోందని మానేశాడు.

నారాయణమ్మ ఎండుచేపలు తీసుకెళ్లి ఆమదాలవలసలో అమ్ముతుంది. ఆవిడ గంప దించుకునే కొట్టువాడు బంగారురాజుకి బావమరిది. తెరచాప పడవ కొనాలని మా బావకి పిచ్చి పట్టిందని అతనంటే, మా ఇంటాయన వాటి మీదే బతికాడని ఈవిడ అంది. షావుకారు ఇక్కడికి రావడానికి అదీ కారణం.

బంగారురాజుకి బొబ్బిలిలో ఇనప సామాన్ల కొట్టు ఉంది. మేకులు, గొలుసులు, రంగు డబ్బాలు అమ్ముతూ ముప్పయ్యారేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు కొట్టు కొడుకు సాయికిరణ్ చూసుకుంటున్నాడు. పొద్దుపోక ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టిన ఆయనకి ఎక్కడెక్కడి దేశాల మొగుడూ పెళ్లాలో కనబడ్డారు. ఇల్లూ వాకిలీ వదిలి తెరచాప పడవలో కాపురం పెట్టిన వాళ్లు. అందులోనే వండుకుంటారు, అందులోనే పడుకుంటారు, గాలి ఎటుంటే అటు వెళతారు. రెండేళ్లు చూశాడు. చివరికి తనూ అలాగే బతకాలని తీర్మానించుకున్నాడు.

"విశాఖపట్నంలో రెండు పడవలు అమ్మకానికున్నాయి," అన్నాడు. "రెండూ చూశాను. నాకేం తెలియలేదు. నువ్వు రెండిటి మీదా మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చి, మళ్లీ అక్కడికి చేర్చాలి. ఏది బాగా నడుస్తాది, దేంట్లో సుఖంగా ఉంటాది, దేంట్లో ఇద్దరు మనుషులు కాపురం చెయ్యొచ్చు, నువ్వే చెప్పాలి."

లక్ష్ముడు ఆముదం గిన్నె పక్కన పెట్టాడు.

"నాను పడవెక్కి మూడేళ్లయింది షావుకారుగారూ. ఇంక ఎక్కకూడదనుకున్నాను."

"రెండు సార్లే కదా."

"అమ్మగారు వస్తారా?"

"రాకపోతే ఎలాగ? కాపురం కదా."

లోపల్నుంచి నారాయణమ్మ అంది, "ఎల్లు మావా. కూకుంటే మోకాలు బాగుపడతాదేటి?"

అలా ఒప్పుకున్నాడు.

మార్చి రెండో వారంలో మొదటి పడవ ఎక్కారు. పేరు సాగరిక. పోర్టు పనులు చేసే ధనరాజు అనే కాంట్రాక్టరుది. కొత్తది, ముప్పయ్యెనిమిది అడుగుల పొడవు, వెనక భాగం వెడల్పుగా పళ్లెంలా ఉంది. రెండు స్టీరింగు చక్రాలు. లోపల సోఫా, ఫ్రిజ్జు, పెద్ద అద్దాల కిటికీలు, వెనక రెండు పడకగదులు. ఎక్కడ నిలబడినా నెత్తి తగలదు. షావుకారు ఒక్కో అలమారా తెరిచి చూసి మురిసిపోయాడు.

షావుకారు భార్య కన్యాకుమారి అప్పటిదాకా సముద్రం మీదకి వెళ్లింది లేదు. బొబ్బిలిలో పుట్టి బొబ్బిలిలోనే మెట్టిన మనిషి. ఉమ్మడి కుటుంబంలో రోజూ పద్నాలుగు మందికి వండింది. మొగుడి పిచ్చికి ఆవిడ ఎందుకు తలూపిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. పడవెక్కే ముందు లక్ష్ముడే అడిగాడు.

"మీకిట్టమేనా అమ్మా?"

"ఇద్దరికి వండితే చాలన్నారు," అంది ఆవిడ. "చూద్దాం."

తెల్లవారుతూనే బయలుదేరారు. దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తోంది. సాగరిక నీళ్ల మీద జారినట్టు పోయింది. భీమిలి దాటింది, కోనాడ దాటింది. మధ్యాహ్నం మూడు కాకుండానే కళింగపట్నం దీపస్తంభం ఎదురుగా లంగరు వేశారు. ఇంత వేగం లక్ష్ముడు కూడా అనుకోలేదు. షావుకారు ఫోనులో వేగం చూసుకుంటూ దారంతా అంకెలు పైకి చదివాడు.

కానీ లంగరు వేశాక పడవ స్తిమితంగా ఉండలేదు. పలుపు తాడున్న దూడలా కాసేపు అటూ కాసేపు ఇటూ తిరిగింది. చదునైన వెనక భాగం కింద ప్రతి అలా చప్పట్లు కొట్టింది. పడకగదులు సరిగ్గా దాని మీదే ఉన్నాయి. రెండు రాత్రులూ ఆ చప్పుడుకి లక్ష్ముడు లేస్తూనే ఉన్నాడు. షావుకారు దంపతులు కూడా పడుకోలేదని పొద్దున్న వాళ్ల కళ్లు చెప్పాయి. షావుకారు మాత్రం ఒప్పుకోలేదు.

"కొత్త చోటు కదా, అలవాటవుతాది," అన్నాడు.

భోజనం సంగతికొస్తే లక్ష్ముడికి అదో ఇబ్బంది. వాళ్లు చేపలు ముట్టని వాళ్లు. మూడు రోజులు పప్పూ వంకాయ కూరా తిన్నాడు. చుట్టూ సముద్రం పెట్టుకుని వంకాయ తినడం తన జీవితంలో అదే మొదటిసారని తరవాత నారాయణమ్మతో అన్నాడు.

తిరుగు ప్రయాణంలో గాలి ఎదురైంది. ఎదురుగాలికి ఏటవాలుగా వంకర్లు తిరుగుతూ వెళ్లాలి. ఆ పని కూడా సాగరిక బాగానే చేసింది. తెరచాపలు బిగిస్తే గాలి ముక్కులోకి దూరినట్టు వెళ్లేది. కానీ తేలికపాటి పడవ, అడుగు వెడల్పు. ప్రతి అల మీదకీ ఎక్కి, అవతల నీళ్ల మీద దబ్బున పడేది. లోపల గిన్నెలన్నీ ఒకేసారి మోగేవి. టీ పెడదామని లోపలికి దిగిన కన్యాకుమారికి పట్టుకుందామంటే చేతికి ఏదీ అందలేదు. వంట బల్ల ఒక గోడకి, సోఫా రెండో గోడకి, మధ్యన అంతా విశాలమైన ఖాళీ. పడవ ఒరగగానే ఈ గోడ నుంచి ఆ గోడకి విసిరేసినట్టు వెళ్లి పడింది. నడుం మీద గుమ్మడికాయంత కమిలిపోయింది. ఆవిడ కేకలు పెట్టలేదు. పైకొచ్చి మెట్ల మీద కూర్చుంది. రేవు చేరేదాకా మళ్లీ లోపలికి దిగలేదు.

రేవులో దిగాక షావుకారు, "ఇదే తీసుకుందాం. ఏటంటావు?" అన్నాడు.

"రెండోది కూడా సూసినాక సెప్తాను," అన్నాడు లక్ష్ముడు. ఇంటికెళ్లి రెండు రోజులు మంచం దిగలేదు.

రెండో పడవ పేరు ఉష. ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరైన జగన్నాధం గారిది. భార్య పేరే పడవకి పెట్టుకున్నాడాయన. ఆవిడ పోయాక పడవ నడపడం మానేశాడు. నలభై ఏళ్ల నాటి పడవ, ముప్పయ్యి మూడు అడుగులు. సన్నగా, లోతుగా, చింతగింజలా ఉంటుంది. నీళ్ల కింద అడుగంతా ముందు నుంచి వెనక దాకా ఒకటే వెన్నుగా సాగి, సీసంతో బరువుగా ఉంటుంది. చక్రం లేదు, చుక్కానికి కర్ర ఒకటుంది, అంతే.

లోపలికి దిగగానే షావుకారు మొహం చిట్లించుకున్నాడు. చీకటి, డీజిలు వాసన. ఫ్రిజ్జు లేదు. నిటారుగా నిలబడాలంటే మధ్యన మూడడుగుల చోటే ఉంది. మరుగుదొడ్డికి చేతి పంపు కొట్టాలి. పై కిటికీ ఒకటి కారుతోంది. మంచినీళ్ల ట్యాంకు సాగరికలో ఉన్నదానికి సగం కూడా లేదు.

"ఇది పడవా, బొగ్గుల కొట్టా?" అన్నాడు షావుకారు.

వెళ్లేటప్పుడు పదకొండు గంటలు పట్టింది. వెనక గాలికి ఉష నీళ్లలో పడేసిన కుండలా ఆ పక్కకీ ఈ పక్కకీ పొర్లింది. షావుకారుకి వాంతులయ్యాయి. పొద్దుగూకే వేళకి లంగరు వేశారు. ఆయన ఏమీ తినకుండా ముసుగు తన్నాడు. మర్నాడు తేరుకున్నాక, ఈ పడవలో కాపురం పెట్టడం కంటే బొబ్బిలి బస్టాండులో పెట్టడం నయమన్నాడు. లక్ష్ముడు కాదనలేదు. వెనకగాలికి పొర్లడం నిజమే, చీకటి నిజమే, కారడం నిజమే.

కన్యాకుమారి మాత్రం వంట మూలలో ఉండిపోయింది. మనిషి దూరేంత మూల అది. మూడు పక్కలా బల్ల. పొయ్యి ఇరుసు మీద ఊగుతూ, పడవ ఎటు ఒరిగినా తను తిన్నగా ఉంటుంది. వెనక నడుముకి కట్టుకునే గట్టి పట్టీ ఒకటుంది. ఆవిడ అది బిగించుకుని, ఊగుతున్న పడవలో ఉప్మా చేసి, ఒక్క రవ్వ కింద పడకుండా పళ్లేల్లో పెట్టింది.

మూడో రోజు వేకువనే తిరుగు ప్రయాణం. పది గంటలయ్యేసరికి గాలి పెరిగింది. పన్నెండుకల్లా అల తలలు తెల్లబడ్డాయి. విజయనగరం జిల్లా తీరం వెంట, కోనాడకి కొంచెం ఇవతల ఉన్నారు. ఉష ఎదురుగాలికి సాగరికంత నిటారుగా వెళ్లలేదు, వంకర్లు ఎక్కువయ్యాయి. కానీ దబ్బుమని పడలేదు. అలని మధ్యకి కోసుకుని, భుజంతో పక్కకి నెట్టి, తన దారిన తను పోయింది. షావుకారు చుక్కాని కర్ర పట్టుకుని, మొదటిసారి కాస్త ధైర్యంగా కూర్చున్నాడు.

గాలి ఇంకా ఎక్కేలా ఉందని లక్ష్ముడికి అనిపించింది. పెద్ద తెరచాప గుడ్డ సగం దించి కట్టాడు. ముందున్న తెరచాప విప్పి, దాని చోట చిన్నది ఎక్కించాడు. పంతొమ్మిదేళ్లు చేసిన పనే. చేసి వెనక్కి తిరుగుతుండగా మోకాలు పట్టు తప్పింది. ఆసరాకి తాడందుకోబోయాడు. అందలేదు. తెరచాప కొయ్య మొదట్లో ఇనప గిలక ఉంది. దాని మీద ఎడం డొక్క పెట్టి పడ్డాడు.

కాసేపు ఊపిరి అందలేదు. ఊపిరి అందాక కదలడానికి చేతకాలేదు. పాకుతూ వెనక్కి వచ్చేసరికి అతని మొహం చూసి షావుకారు కంగారుపడ్డాడు.

"ఇంజను వేసేద్దాం, ఒడ్డుకి పోదాం."

"ఈ అలకి ఆ సిన్న ఇంజను సాలదు," అన్నాడు లక్ష్ముడు. ఒక్కో మాటకీ ఆగాల్సి వస్తోంది. "ఒడ్డుకాడ ఇంకా పెద్ద అలలుంటాయి. పడవని ఆపీసేద్దారి."

"సముద్రం మధ్యలో ఆపడమేటి?"

"సెప్తాను. అమ్మా, మీరు కర్ర పట్టుకోండి. ముక్కు సముద్రం దిక్కుకి తిప్పండి. ఇంకా తిప్పండి. ఇప్పుడు ముందు తెరచాప తాడు ఒగ్గకండి. అది ఎనక్కి తిరగబడతాది, తిరగబడనీండి. షావుకారుగారూ, కర్రని గాలి పోయే దిక్కుకి తోసి, ఆ కొక్కేనికి కట్టీసేయండి."

కన్యాకుమారి చెప్పినట్టు చేసింది. షావుకారు తాడు కట్టాడు. ఇనప సామాన్ల కొట్టువాడికి ముడి వెయ్యడం బాగా వచ్చు.

ముందు తెరచాప పడవని ఒక పక్కకి నెడుతోంది, చుక్కాని రెండో పక్కకి నెడుతోంది. రెండిటి మధ్యా ఉష ఆగిపోయింది. అప్పటిదాకా ఉన్న ఊపు, నీళ్ల విసురు, తాళ్ల గోల ఒక్కసారిగా సగానికి తగ్గిపోయాయి. పడవ ఒక భుజం గాలికి ఒగ్గి, గూట్లో కోడిలా కూర్చుంది. అల వచ్చినప్పుడు లేచేది, దిగేది. షావుకారు చుట్టూ చూశాడు. గాలి అలాగే ఉంది, సముద్రం అలాగే ఉంది.

"ఏటి చేశావు?" అన్నాడు.

"నాను సెయ్యలేదు. అదే కూకున్నాది. అన్ని పడవలూ ఇలాగ కూకోవు."

"సాగరిక కూర్చోదా?"

"గోవాకాడ అలాటి పడవనొకదాన్ని ఇలాగే ఆపాలని సూసినాను. గింగిరాలు తిరిగినాది గాని ఆగలేదు."

ఇద్దరూ కలిసి అతన్ని లోపలికి దించారు. గోడ పక్కన సన్నటి బల్ల ఉంది, మనిషి దొర్లిపోకుండా దానికి గట్టి గుడ్డ తెరలా కట్టి ఉంటుంది. షావుకారు దాన్ని చూసి శవపేటికలా ఉందని వెళ్లేటప్పుడు వెక్కిరించాడు. అందులో లక్ష్ముడిని పడుకోబెట్టారు. కన్యాకుమారి తన పాత చీర చించి డొక్క చుట్టూ బిగించి కట్టింది. టీ చేసి, గ్లాసు అతని నోటి దగ్గర పట్టుకుంది.

"అమ్మా, పది నిమిషాలకోపాలి పైకెల్లి సుట్టూ సూడండి. ఓడ ఏదైనా మన దిక్కే వస్తన్నట్టుంటే నన్ను లేపండి. గాలి తిరిగినా లేపండి. తాడు ఏదైనా..."

"పడుకో," అంది ఆవిడ. "నేను చూస్తాను."

"మీకు తెలీదమ్మా."

"తెలియకపోతే లేపుతాను కదా. తెలిసినంతసేపు పడుకో."

అతను కళ్లు మూసుకున్నాడు. అలవాటు ప్రకారం చెవి వింటూనే ఉంది. పైన మెట్ల మీద ఆవిడ అడుగులు వినబడ్డాయి. ఆగాయి. మళ్లీ దిగాయి. షావుకారు ఏదో అడిగాడు, ఆవిడ ఏదో చెప్పింది. పది నిమిషాలకి మళ్లీ అడుగులు ఎక్కాయి. మూడోసారి ఎక్కడం అతనికి గుర్తుంది. నాలుగోసారి గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ పచ్చగా పడుతోంది. ఎక్కడున్నాడో ముందు తెలియలేదు. నాలుగు గంటలవుతోందని షావుకారు చెప్పాడు. అంటే మూడున్నర గంటలు. బొంబాయిలో పంతొమ్మిదేళ్లు, వేరావల్‌లో పదకొండేళ్లు, కదిలే పడవలో ఒక్కనాడూ అతను ఇంతసేపు ఒళ్లు తెలియకుండా నిద్రపోలేదు. గాలి కాస్త తగ్గింది. పడవ నాలుగైదు మైళ్లు ఈశాన్యం వైపు, ఒడ్డుకి దూరంగా జరిగింది. అంతకు మించి ఏమీ కాలేదు.

కన్యాకుమారి మెట్ల మీద కూర్చుని ఉంది. మూడు ఓడలు కనబడ్డాయని చెప్పింది. రెండు దూరంగా పోయాయి. ఒకటి దగ్గరగా వచ్చేలా అనిపించి అతన్ని లేపబోయి, కాసేపు చూసి, పక్కకి తప్పుకుందని నిమ్మళించింది.

"ఎలాగ తెలిసింది పక్కకి పోతాదని?"

"మన తాడు పక్కన పెట్టి చూశాను. తాడు దాటి వెనక్కి జరుగుతూ పోయింది. ఎదురుగా వచ్చేదయితే అక్కడే ఉండిపోవాలి కదా."

 ఆ సంగతి లక్ష్ముడికి ఇరవై రెండో ఏట వేరావల్‌లో బోటు నడిపే తండేలు తిట్టి మరీ నేర్పాడు.

ఆ సాయంత్రం కన్యాకుమారి కర్ర పట్టుకుంటే, షావుకారు తాళ్లు లాగితే, లక్ష్ముడు లోపల పడుకునే చెబుతూ వచ్చాడు. చీకటి పడ్డ కాసేపటికి భీమిలి దగ్గర లంగరు వేశారు. మర్నాడు ఆసుపత్రిలో ఫొటో తీసి రెండు పక్కటెముకలు చిట్లాయన్నారు. కట్టు కట్టారు, బరువులెత్తొద్దన్నారు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద షావుకారు మళ్లీ అడిగాడు.

"ఇప్పుడు చెప్పు. ఏది?"

"సాగరిక బేగి ఎల్తాది," అన్నాడు లక్ష్ముడు. "రేవులో కట్టీసుంటే ఇల్లే అది. ఎలుగుంటాది, గాలుంటాది, సుట్టాలొస్తే పడుకోడానికుంటాది. ఆదివారం పూట తిరగడానికయితే అదే కొనండి, తప్పు నేదు. ఉష ఆలీసంగా ఎల్తాది. ఎనకగాలికి పొర్లుతాది, అది మీరు మానపలేరు. కిటికీ కారతాది, అది నాను మానపగలను. నీళ్లు పొదుపుగా వాడాల."

"అయితే సాగరికే కదా?"

"పడవ మీద పదిమందుంటే సాగరికే. మీరు ఇద్దరే ఉంటారు. ఇద్దరిలో ఒకలికి జొరమొస్తాది, ఒకలికి కాలు జారతాది. ఏదో ఒకనాడు ఇద్దరూ అలిసిపోతారు. అప్పుడు పడవ మీకేటి సేస్తాదన్నది సూసుకోండి. నడిసినప్పుడు రెండూ బాగానే నడిసినాయి."

షావుకారు కన్యాకుమారి వైపు చూశాడు. వేగం చూసుకుని మురిసిపోయిన మనిషి. ఆ అంకెలు మనసులోంచి పోవడం కష్టంగా ఉన్నట్టుంది.

"నీకేటనిపిస్తాది?" అని పెళ్లాన్ని అడిగాడు.

"ఉషలో నేను వండగలను," అంది ఆవిడ. "సాగరికలో పడ్డాను."

ఏప్రిల్లో ఉషని తీసుకున్నారు. తాళం చెవి ఇచ్చేటప్పుడు జగన్నాధం గారు పేరు మార్చొద్దని అడిగారట. మారుస్తామని వాళ్లు ముందూ అనుకోలేదు.

లక్ష్ముడిని తమతోనే ఉండిపొమ్మన్నాడు షావుకారు. పడవలో మాకో పక్క, నీకో పక్క అన్నాడు. ఇలాంటి మాట పదేళ్ల కిందట ఏ బొంబాయి యజమాని అన్నా లక్ష్ముడు చేతులు జోడించేవాడు.

"నాను రానండి," అన్నాడు. "ఆ రోజు పడుకున్నాను సూడండి, దాని తరవాతే తెలిసినాది ఎంత అలిసిపోనానో. అంతకు ముందు మోకాలనే అనుకునీవోడిని."

"మరి మాకు ఎవరు చూపిస్తారు?"

"పొద్దున్న రైలుకొచ్చి సాయంత్రం రైలుకెల్లిపోతాను. ఒక నెల. అంతే."

అలాగే నెల రోజులు ఆమదాలవలస నుంచి విశాఖపట్నం వెళ్లి వచ్చాడు. కారే కిటికీ విప్పి కొత్త బిగింపు వేశాడు. పాత తాళ్లు మార్పించాడు. పడవని ఆపడం ఇద్దరి చేతా ఇరవై సార్లు చేయించాడు. షావుకారు తాళ్ల పనిలో చేయి తిరిగాడు కానీ వాంతులు మాత్రం మానలేదు. ప్రయాణానికి ముందు బిళ్ల వేసుకుని మొండిగా ఎక్కేవాడు. కన్యాకుమారి చేతికి కర్ర అతికినట్టు కుదిరింది. లక్ష్ముడు ఎంతో మంది యజమానులకి నేర్పాడు. గాలి మారబోతోందని చెంప మీద తెలిసే మనుషులు అందులో నలుగురైదుగురే. ఈవిడ వాళ్లలో చేరింది. యాభై ఏడేళ్ల వయసు దాకా వంటింట్లోనే ఉన్న మనిషి. ఆ మాట ఆవిడతో అనలేదు. ఇంటికెళ్లి నారాయణమ్మతో అన్నాడు.

"పద్నాలుగు మందికి వండిన మనిషికి ఏ గిన్నె ఎప్పుడు పొంగుతాదో తెలీదేటి?" అంది నారాయణమ్మ.

ఒక సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి పలాస. ఆమదాలవలస దాటి గంట పైనయింది. తిరుగు బండి పట్టుకుని ఇంటికి చేరేసరికి బాగా ఆలస్యమైంది. దారిలో ఏమయిందోనని నారాయణమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. నిద్ర పట్టీసిందని చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక తిట్టలేదు, అన్నం పెట్టింది.

అలా అని అతని అలసట పోయిందని కాదు. పక్కటెముకలు అతుక్కున్నాయి గాని వానకాలం సలుపుతాయి. మోకాలు అలాగే ఉంది. కొన్ని రాత్రులు ఇప్పటికీ లేచి గాలి చూసి వస్తాడు. కొన్ని రాత్రులు లేవడు. లేవని మర్నాడు మాత్రం నారాయణమ్మతో పాటు గంప పట్టుకుని ఆమదాలవలస వెళతాడు. కొట్టు అరుగు మీద ఆవిడ బేరాలాడుతుంటే పక్కన కూర్చుని సంచులు కడతాడు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కన్యాకుమారి ఫోను చేసింది. కాకినాడ దాకా వెళ్లి వచ్చారట, ఇప్పుడు ఉత్తరానికి గోపాల్‌పూర్ వైపు వెళుతూ కళింగపట్నం ఎదురుగా ఉన్నారట. లక్ష్ముడు ఇసుక మీదకి వచ్చి చూశాడు. మైలు దూరంలో తెరచాప కనబడుతోంది.

"దిగుదామనుకున్నాం," అంది ఆవిడ. "అల పెద్దదిగా ఉంది. ఈయనేమో దిగాల్సిందే అంటున్నారు. నువ్వేమంటావు?"

"మీకేటనిపిస్తాది?"

"వద్దనిపిస్తోంది."

"మరింక నన్నెందుకు అడగడం? ఎల్లండి. ఎలుగుండగా బారువ రేవుకాడికి సేరిపోతారు."

వెనక నుంచి షావుకారు ఏదో గొణగడం ఫోనులో వినిపించింది. ఆవిడ నవ్వి, నారాయణమ్మని అడిగానని చెప్పమంది. తెరచాప గాలి పట్టి కాస్త ఒరిగింది, పడవ ఉత్తరానికి తిరిగింది. లక్ష్ముడు ఫోను జేబులో పెట్టుకుని, ఎండలో పరిచిన చేపలు తిరగెయ్యడానికి నారాయణమ్మ దగ్గరకి నడిచాడు.